ముక్కలు కలిపితేనే ముప్పు కనబడుతుంది

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో సామాజిక కార్యాచరణ కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



ఇంతవరకు పొదుపు లెక్క విన్నాం. బ్యాంకు లింకేజీ లెక్క విన్నాం. స్త్రీనిధి వసూళ్ల లెక్కా విన్నాం. ఇప్పుడు మేము చెప్పబోయేది ఏ లెడ్జరులోనూ లేని లెక్క. మన ఇళ్లలో, మన వీధుల్లో ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగే హింస గురించి.

కొత్త చట్టం కావాలని అడగడానికి మేము నిలబడలేదు. చట్టాలు చాలానే ఉన్నాయి. ఒక్క మాట చెప్పడానికి నిలబడ్డాం. ఒక ఇంట్లో హింస ముదిరేలోపే ఊళ్లో కనీసం అయిదారుగురికి దాని గుర్తులు కనబడతాయి. ఎవరికి కనబడ్డ ముక్క వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. ఆ ముక్కలన్నీ కలిపే చోటు లేదు. ఆ చోటు మన సమాఖ్య కావాలన్నదే ఈ రోజు మా ప్రతిపాదన.

పొదుపు సంఘానికి ఈ గొడవ ఎందుకు?

ఈ ప్రశ్న ప్రతి ఏడూ ఎవరో ఒకరు అడుగుతారు. "మనం డబ్బు లెక్కలు చూసుకుంటే చాలదా, మొగుడూ పెళ్లాల మధ్యకు ఎందుకు పోవడం?" అని. దీనికి జవాబు మన పుట్టుకలోనే ఉంది.

నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంట అని ఒక ఊరు. 1990ల మొదట్లో అక్కడ సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం జరిగింది. రాత్రిబళ్లో అక్షరాలు నేర్చుకుంటూ ఆడవాళ్లు తమ కష్టానికి మూలం ఏమిటని మాట్లాడుకున్నారు. కూలి డబ్బు సారా కొట్టుకు పోతోంది, ఇంటికొచ్చేది దెబ్బలే అని ఒకరికొకరు చెప్పుకున్నారు. అంతకుముందు ఎవరి దెబ్బలు వాళ్లవే. రాత్రిబడిలో కూర్చున్నాక అందరి దెబ్బలకూ కారణం ఒకటేనని తేలింది. 1992లో దూబగుంట రోశమ్మ, ఆమె తోటి మహిళలు మొదలుపెట్టిన పోరాటం జిల్లా అంతా పాకి, సారా వేలంపాటలను అడ్డుకునేదాకా వెళ్లింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని సడలించారు.

ఆ పోరాటం తర్వాత నెల్లూరు మహిళలు రోజుకు రూపాయి చొప్పున దాచుకోవడం మొదలుపెట్టారు. పొదుపు లక్ష్మి అన్న పేరు అప్పటిదే. అంటే పొదుపు ఉద్యమానికీ, ఇంట్లో దెబ్బలు ఆపాలన్న ఉద్యమానికీ పేగు సంబంధం ఉంది. ఇంకోటి కూడా గమనించండి. నిషేధం వచ్చింది, పోయింది. సంఘాలు మాత్రం నిలిచాయి. పైనుంచి వచ్చిన ఉత్తర్వు ప్రభుత్వం మారితే మారుతుంది. ఊళ్లో మనుషులు వారం వారం కలిసి కూర్చునే అలవాటు అంత తేలిగ్గా పోదు.

మరో సంగతి. ఆ పోరాటం ఆడవాళ్లు ఒంటరిగా చేసింది కాదు. చదువు చెప్పిన వాలంటీర్లు ఉన్నారు, పాఠాలు రాసినవాళ్లు ఉన్నారు, నాటకాలూ పాటలతో ఊరూరా తిరిగిన కళాకారులు ఉన్నారు, పత్రికలవాళ్లు ఉన్నారు. పలు రంగాలవాళ్లు ఒకే పనికి చేయి కలపడం మనకు కొత్త కాదు. మరిచిపోయాం, అంతే.

లెక్క ఏం చెబుతోంది?

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లయిన 18 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 30 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో శారీరకంగానో లైంగికంగానో హింస పడ్డవాళ్లు. తెలంగాణలో ఈ లెక్క దాదాపు 37 శాతం. మన సంఘానికి పదిమంది సభ్యులు కదా. సగటున చూస్తే పదిమందిలో ముగ్గురు. వారం వారం మన పక్కన కూర్చుని సంతకం పెట్టే వాళ్లలోనే ఆ ముగ్గురూ ఉంటారు.

అదే సర్వేలో ఇంకో లెక్క ఉంది. ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబే అని మన రాష్ట్రంలో ఆడవాళ్లలోనే 84 శాతం మంది అన్నారు. అత్తమామలకు మర్యాద ఇవ్వకపోతే కొట్టవచ్చు, ఇల్లూ పిల్లలనూ పట్టించుకోకపోతే కొట్టవచ్చు అని. ఆ 84 మందిలో తల్లులున్నారు, అత్తలున్నారు, ఆడబిడ్డలున్నారు.

మూడో లెక్క దేశం మొత్తానిది. హింస పడ్డ ఆడవాళ్లలో 77 శాతం మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. సాయం అడిగినవాళ్లు 14 శాతమే. వాళ్లు కూడా ఎక్కువగా పుట్టింటి తలుపే తట్టారు. పోలీసుల దాకా వెళ్లినవాళ్లు చాలా కొద్దిమంది.

ఈ మూడు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటే అర్థమవుతుంది. ఫిర్యాదు వస్తే చూద్దాం అని కూర్చుంటే, వందలో 77 మంది మన గుమ్మం దాకా ఎప్పటికీ రారు. వచ్చేసరికి చేతులు కాలి ఉంటాయి. అప్పుడు ఆకులు పట్టుకుని ఏం లాభం?

ఒక ఇల్లు, ఆరుగురు చూసిన ముక్కలు

ఒక ఇల్లు ఊహించుకుందాం. ఇది ఏ ఒక్కరి ఇంటి కథా కాదు, ఏ ఊళ్లోనైనా ఉండగల ఇల్లు.

అంగన్‌వాడీ టీచరు ఆ ఇంటి చిన్నబిడ్డ బరువు తూచింది. రెండు నెలలుగా బరువు పెరగలేదు. రిజిస్టరులో రాసుకుంది. బడిలో మాస్టారు గమనించారు, పెద్దపిల్ల సోమవారం సోమవారం రావడం లేదు, వచ్చినా నిద్రపోతోంది. హాజరుపట్టీలో గైరుహాజరు వేశారు. ఆశ కార్యకర్త రక్తపరీక్షకు రమ్మంటే ఆ ఇల్లాలు "వీలు కాదు అక్కా" అని తలుపు సగమే తీసింది. ఆస్పత్రిలో సిస్టరు మోచేతికి కట్టు కట్టింది. "మెట్ల మీంచి జారిపడ్డాను" అంటే అదే రాసింది. రాత్రి తాగి గొడవ చేశాడని ఎవరో ఫోను చేస్తే కానిస్టేబులు వచ్చి అతన్ని మందలించి పోయాడు. మన వీఓఏ పుస్తకంలో ఆ ఇల్లాలి పేరు ఎదురుగా రెండు కంతులు ఖాళీ.

చూడండి. ఆరుగురూ తమ పని తాము చేశారు. ఎవరి రిజిస్టరులో వాళ్లు సరిగ్గానే రాశారు. కానీ బిడ్డ బరువు, బడి గైరుహాజరు, సగం తెరిచిన తలుపు, మోచేతి దెబ్బ, రాత్రి గొడవ, ఖాళీ కంతు, ఈ ఆరూ ఒకే ఇంటివని తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. విడివిడిగా చూస్తే ఒక్కోటీ చిన్న విషయం. కలిపి చూస్తే ఆ ఇంట్లో ముప్పు ముదురుతోందని చదువు రానివాళ్లకూ తెలుస్తుంది.

మేము గ్రామాలకు వెళ్లినప్పుడు ఎక్కువగా వినే మాట "మాకు అనుమానం ఉంది గానీ అది మా పని కాదు కదమ్మా" అని. తిలా పాపం తలా పిడికెడు అంటారు. ఎవరి పిడికెడు చూసినా కొంచెమే. మొత్తం మోసేది మాత్రం ఆ ఇంటి ఆడమనిషి, పిల్లలు.

దూరపు ఊరు నుంచి ఒక పాఠం

బ్రిటన్‌లో వేల్స్ రాజధాని కార్డిఫ్. అక్కడ జొనాథన్ షెపర్డ్ అనే డాక్టరు ముఖానికి, దవడకు తగిలిన దెబ్బలకు ఆపరేషన్లు చేసేవారు. కొట్లాటల్లో దెబ్బలు తిని ఆస్పత్రికి వచ్చినవాళ్లలో చాలామంది సంగతి పోలీసు లెక్కల్లో లేనే లేదని ఆయన గమనించారు. ఆస్పత్రికి తెలుసు, పోలీసుకు తెలియదు. 1990ల చివర నుంచి అక్కడ ఒక పద్ధతి పెట్టారు. దెబ్బలతో వచ్చినవాళ్లను ఆస్పత్రి చీటీ రాసే దగ్గరే రెండు మూడు ప్రశ్నలు అడుగుతారు. ఎక్కడ జరిగింది, ఎప్పుడు జరిగింది, దేనితో కొట్టారు అని. పేర్లు తీసేసి ఆ వివరాలు మాత్రం పోలీసులతో, మునిసిపాలిటీతో పంచుకుంటారు. ఏ సారాయి దుకాణం దగ్గర, ఏ వారం, ఏ వేళ గొడవలు ఎక్కువో దానితో తేలింది. అక్కడ పహారా పెంచారు, దుకాణాల మీద నిఘా పెట్టారు. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన అధ్యయనం ప్రకారం, అలాంటి ఇతర నగరాలతో పోల్చితే కార్డిఫ్‌లో హింస వల్ల ఆస్పత్రిలో చేరినవాళ్లు 42 శాతం తక్కువ.

అది నగరం, మనది మండలం. వాళ్లది వీధి కొట్లాట, మనది ఎక్కువగా ఇంటి లోపలి హింస. ఉన్నదున్నట్టు తెచ్చి ఇక్కడ పెట్టలేం. కానీ రెండు సంగతులు మనకు పనికొస్తాయి. ఒకటి, ఫిర్యాదు లేకపోయినా హింస కనబడే చోట్లు ఉన్నాయి. రెండు, పేరు చెప్పకుండానే చాలా పని చేయవచ్చు. ఫలానా బెల్టు షాపు దగ్గర కూలి డబ్బు ఇచ్చే శనివారం రాత్రి గొడవలు ఎక్కువ అని చెప్పడానికి ఏ ఇంటి పేరూ అక్కరలేదు.

ఎవరి చేతిలో ఏముంది?

కలిసి పని చేయాలంటే ఎవరి చేతిలో ఏముందో అందరికీ తెలియాలి. అందుకని క్లుప్తంగా చెబుతాం.

గృహహింస నుంచి మహిళలకు రక్షణ చట్టం 2005లో చేశారు, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దీని ప్రకారం కొట్టడం మాత్రమే హింస కాదు. తిట్టి అవమానించడం, సంపాదన లాక్కోవడం, తిండికీ మందుకూ డబ్బు ఇవ్వకపోవడం, ఇంట్లోంచి వెళ్లగొట్టడం కూడా హింసే. ఇల్లు ఆమె పేరున లేకపోయినా, ఆమె కాపురం ఉన్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది. రక్షణాధికారి, అంటే ప్రొటెక్షన్ ఆఫీసరు, మహిళా శిశు సంక్షేమ శాఖ వైపు ఉంటారు. గృహహింస నివేదిక తయారుచేసి మేజిస్ట్రేటు ముందు పెట్టడం, కోర్టుకు సాయపడడం ఆ అధికారి పని. దరఖాస్తు పెట్టాక మామూలుగా మూడు రోజుల్లోపు మొదటి విచారణ పెట్టాలని, ఆ తర్వాత 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. రక్షణ ఉత్తర్వు వచ్చాక భర్త దాన్ని మీరితే ఏడాది దాకా జైలు పడవచ్చు.

ఇంకో ముఖ్యమైన మాట. ఈ చట్టం కింద సమాచారం ఎవరైనా ఇవ్వవచ్చు. పక్కింటివాళ్లు, వీఓఏ, ఆశ కార్యకర్త ఎవరైనా సరే. మంచి ఉద్దేశంతో చెప్పినందుకు వాళ్ల మీద ఏ కేసూ ఉండదు. "నేను చెప్పానని తెలిస్తే నన్ను కోర్టుకు లాగుతారు" అన్న భయం పెట్టుకోకండి.

భర్త, అత్తింటివాళ్ల క్రూరత్వం మీద పోలీసు కేసు వేరు. పాత 498ఏ సెక్షన్ 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా ఉంది. రక్షణ ఉత్తర్వు అడిగితే పోలీసు కేసు పెట్టకూడదని లేదు, పోలీసు కేసు పెడితే రక్షణ ఉత్తర్వు రాదనీ లేదు. రెండూ అడగవచ్చు. ఏది కావాలో ఆమె తేల్చుకోవాలి.

సఖి వన్ స్టాప్ సెంటర్లు 2015 నుంచి వచ్చాయి. వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగు, ఐదు రోజుల దాకా తాత్కాలిక వసతి అక్కడ ఒకేచోట దొరకాలి. న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఆడవాళ్లందరికీ ఉచితంగా లాయరు దొరుకుతారు. దీనికి ఆదాయ పరిమితి లేదు. మహిళలకు సాయానికి 181, అత్యవసరానికి 112, పిల్లలకు 1098, న్యాయసహాయానికి 15100. ఈ నాలుగు నంబర్లూ ప్రతి సంఘం మినిట్స్ పుస్తకం అట్ట లోపల రాసిపెట్టండి. గోడ మీద అంటిస్తే ఇంట్లోవాళ్లు అడుగుతారు, సంఘం పుస్తకంలో ఉంటే ఎవరూ అడగరు.

కలిసి కూర్చునే పద్ధతి

అన్నీ ఉన్నా ఎందుకు అందడం లేదంటే, ఒక్కో సాయం ఒక్కో తలుపు వెనక ఉంది. దెబ్బలు తిన్న మనిషే అన్ని తలుపులూ తట్టాలి. అందుకే మేము నెలకొక సమన్వయ సమావేశం అడుగుతున్నాం. మండల సమాఖ్య కార్యాలయంలో, ప్రతి నెలా ఒకే రోజున. పీహెచ్‌సీ నుంచి ఒకరు, పోలీస్ స్టేషన్ నుంచి ఒకరు, ఐసీడీఎస్ సూపర్‌వైజరు, బడుల తరఫున ఒక హెడ్మాస్టరు, సచివాలయాల మహిళా పోలీసులు, మా కమిటీ. గంటన్నర చాలు. పెద్ద అధికారి రాలేకపోతే కింది ఉద్యోగిని పంపినా సంతోషమే, కానీ ప్రతి నెలా అదే మనిషి రావాలి. మనిషి మారితే నమ్మకం మళ్లీ మొదటికొస్తుంది.

ఈ సమావేశానికి మూడు కట్టుబాట్లు ఉండాలి.

మొదటిది, పేర్లు వద్దు. ఊరు, వారం, వేళ, గొడవ తీరు, ఇవే మాట్లాడుకోవాలి. ఒక ఇంటి సంగతి పేరుతో మాట్లాడాలంటే ముందు ఆ మనిషి ఒప్పుకోవాలి. మన ఊళ్లలో మాట నీళ్లకన్నా వేగంగా పారుతుంది. ఆమె మనల్ని నమ్మి చెప్పిన మాట సాయంత్రానికి అత్తగారి చెవిన పడితే, మనం చేసిన సాయమే ఆమెకు దెబ్బలు తెస్తుంది. మినిట్స్‌లోనూ పేరు రాయకూడదు.

రెండోది, పిల్లల విషయంలో ఈ కట్టుబాటు వేరు. 18 ఏళ్లలోపు వాళ్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, లేదా జరగబోతోందని అనుమానం ఉన్నా, పోక్సో చట్టం 2012 ప్రకారం తెలిసినవాళ్లు పోలీసుకు చెప్పి తీరాలి. ఎవరి ఒప్పుదలా అక్కరలేదు. దాచిపెట్టడం నేరం. అక్కడ రాజీ అన్న మాటే లేదు.

మూడోది, సమావేశం అయ్యేలోపు ప్రతి విషయానికీ ఒక మనిషి, ఒక తేదీ పెట్టుకోవాలి. "చూద్దాం" అన్నది తీర్మానం కాదు. ఫలానా బెల్టు షాపు సంగతి ఎవరు చూస్తారు, ఎప్పటిలోగా? ఫలానా ఊళ్లో బడి మానేసిన ఆడపిల్లల ఇళ్లకు ఎవరు వెళ్తారు, ఎప్పుడు? మరుసటి నెల మొదట దాని జవాబే వినాలి.

మన వంతు

అధికారులను అడిగాం. ఇక మన వంతు చెప్పుకోవాలి. మన దగ్గర ఉన్నది ఏ శాఖ దగ్గరా లేదు. వారానికోసారో నెలకోసారో ప్రతి ఇంటి ఆడమనిషి ముఖం మనకు కనబడుతుంది. అందుకే కంతు తప్పడాన్ని బాకీగా మాత్రమే చూడకూడదని మా విన్నపం. ఎప్పుడూ తప్పని మనిషి రెండుసార్లు తప్పితే, మీటింగుకు రాకుండా పిల్లతో డబ్బు పంపితే, సంతకం పెట్టే చేయి కొంగు కింద దాచుకుంటే, అది కబురు. ఆ కబురు చదవాలి. నలుగురు కలిసి గుమ్మం ముందు నిలబడి బాకీ అడిగితే, వాళ్లు వెళ్లాక ఆ ఇంట్లో ఏం జరుగుతుందో మనకందరికీ తెలుసు. ముందు ఒక్కరే వెళ్లాలి. ఆమెకు దగ్గరివాళ్లు వెళ్లాలి. ఇంట్లో కాకుండా నీళ్ల దగ్గరో పొలం గట్టునో మాట్లాడాలి. "డబ్బు సంగతి తర్వాత, నువ్వు బాగున్నావా?" అన్నదే మొదటి ప్రశ్న కావాలి.

అప్పు ఇచ్చేటప్పుడు కూడా ఒక ప్రశ్న వేసుకోవాలి. సంతకం ఎవరిది, ఖర్చు పెట్టేది ఎవరు? ఆమె పేరున అప్పు తీసి, డబ్బు అతని చేతికి పోయి, కంతు మాత్రం ఆమె నెత్తిన పడితే ఆ అప్పే కొత్త గొడవకు విత్తనం. దెబ్బలు తట్టుకోలేక ఇల్లు వదిలిన సభ్యురాలికి కంతులు వాయిదా వేసే వీలు ఉండాలి. బస్సు చార్జీకీ, మందులకూ అప్పటికప్పుడు ఇవ్వడానికి గ్రామ సంఘం దగ్గర కొంత సొమ్ము ఉండాలి. ఆధారు, రేషను కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, పిల్లల చదువు కాగితాలు, వీటి జిరాక్సులు నమ్మకమైన చోట దాచుకోమని ప్రతి సభ్యురాలికీ చెప్పాలి. ఆస్పత్రికి వెళ్తే దెబ్బ ఎలా తగిలిందో నిజం చెప్పమనాలి. చీటీ మీద రాసిన ఆ ఒక్క ముక్క రేపు కోర్టులో పదిమంది సాక్షులంత విలువ చేయవచ్చు.

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. రాజీ. కుటుంబాన్ని కలపడం మంచిదే. మాటామాటా పెరిగి విడిగా ఉంటున్న దంపతులను కూర్చోబెట్టి మాట్లాడితే చాలాసార్లు మేలు జరుగుతుంది. కానీ ప్రాణభయం ఉన్న చోట, ఎముక విరిగిన చోట, కత్తో కిరసనాయిలో బయటికొచ్చిన చోట రాజీ మన పని కాదు. ముందు ఆమెను, పిల్లలను భద్రమైన చోటికి చేర్చాలి. ఆ తర్వాతే మాటలు. "ఈసారికి సర్దుకుపో" అని పంపే ముందు ఒక్కటి గుర్తుంచుకోవాలి. సర్దుకుపోవలసిన రాత్రి ఆమెది, మనది కాదు. ఇంటి గుట్టు లంకకు చేటు అన్న సామెత ఆడవాళ్లకే చెబుతారు గానీ, కొట్టే చేతికి ఎవరూ చెప్పరు.

ఈ ఏడు మేము అడిగే కొత్త పని ఒకటి ఉంది. గృహహింస చట్టం పదో సెక్షన్ కింద, చట్టప్రకారం నమోదైన స్వచ్ఛంద సంస్థలు ఆడవాళ్ల హక్కుల రక్షణ తమ ఆశయాల్లో ఉంటే సేవాదాతలుగా నమోదు చేసుకోవచ్చు. అలా నమోదైన సంస్థ గృహహింస నివేదికను తానే రాసి మేజిస్ట్రేటుకూ రక్షణాధికారికీ పంపవచ్చు. ఆమెను ఆస్పత్రికి పంపి పరీక్ష చేయించవచ్చు, వసతి గృహంలో చేర్పించవచ్చు. మన సమాఖ్యలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద నమోదైనవి. మన బైలాల్లో ఆ ఆశయం స్పష్టంగా రాసుకుని, జిల్లా సమాఖ్య ద్వారా సేవాదాతగా నమోదుకు దరఖాస్తు పెడదామని ప్రతిపాదిస్తున్నాం. ఇప్పటిదాకా మనం వెంట వెళ్లేవాళ్లం. నమోదైతే మన కాగితానికి విలువ వస్తుంది.

మొగవాళ్లను పక్కన పెట్టి కాదు

ఇదంతా హింస మొదలయ్యాక చేసే పని. అసలు మొదలు కాకుండా చూడాలంటే మొగవాళ్లతో మాట్లాడాలి. మన మీటింగుల్లో మనమే మనకు చెప్పుకుంటే 84 శాతం తగ్గదు. హైస్కూలు మగపిల్లలతో మాట్లాడడానికి బడి కావాలి. ఆటో స్టాండు కుర్రాళ్లతో మాట్లాడడానికి పోలీసులు కావాలి. పెద్దవాళ్లకు చెప్పడానికి గుడిలో పూజారి, చర్చిలో పాస్టరు, మసీదులో ఇమాము కావాలి. పెళ్లి చేసేది వాళ్లే కదా. ఆధారు చూసి, పిల్లకు 18 నిండలేదని తెలిస్తే "నేను చేయను" అని వాళ్లు ఒక్క మాట అంటే చాలు. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల ఆడవాళ్లలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. చదువు ఆగి, చేతిలో పని లేక, పదహారేళ్లకు కాపురానికి పోయిన పిల్ల దెబ్బ తింటే ఎదురు అడగగలదా? బాల్యవివాహం ఆపడమంటే పదేళ్ల తర్వాత జరగబోయే హింసలో కొంత ఈ రోజే ఆపడం.

ఇక మన ఇళ్లలో. కొడుకు కంచం కొడుకే కడుక్కోవాలి. చెల్లిని కొట్టిన అన్నను "మగపిల్లాడు లే" అని వదలకూడదు. కోడలి కంట్లో నీళ్లు చూసి "మా కాలంలో మేము పడలేదా" అనకూడదు. దీనికి ఏ శాఖా అక్కరలేదు, ఏ నిధులూ అక్కరలేదు.

దేన్ని చూసి బాగుపడ్డామనుకోవాలి?

చివరగా కొలత గురించి. వచ్చే ఏడు ఇదే వేదిక మీద "ఇన్ని కేసులు రాజీ చేశాం" అన్న లెక్క మేము చదవం. రాజీల సంఖ్య గొప్ప కాదు. నిజానికి కలిసి పని చేయడం మొదలుపెడితే మొదటి ఏడాది ఫిర్యాదులు పెరుగుతాయి. అది చూసి మన మండలం చెడిపోయిందని ఎవరూ అనుకోవద్దు, అధికారులు కంగారు పడవద్దు. నోరు విప్పని ఆ 77 మందిలో కొందరు నోరు విప్పారని అర్థం. మనం చూడవలసినవి వేరు. నెలవారీ సమావేశం పన్నెండుసార్లు జరిగిందా? అడిగిన సాయం ఎన్ని రోజుల్లో అందింది? ఒకసారి సాయం అందుకున్న ఇంట్లో మళ్లీ హింస జరిగిందా అని మూడు నెలల తర్వాత ఎవరైనా వెళ్లి చూశారా? బడి మానేసిన పిల్లలు తిరిగి వచ్చారా?

ఏటా నవంబరు 25న మహిళలపై హింసకు వ్యతిరేకంగా ర్యాలీ తీస్తున్నాం. మంచిదే. కానీ ర్యాలీ ఏడాదికి ఒక రోజు, హింస ఏడాది పొడుగునా.

కాబట్టి మహాసభ ముందు మూడు తీర్మానాలు పెడుతున్నాం. ఒకటి, మండల స్థాయిలో అన్ని శాఖలతో నెలవారీ సమన్వయ సమావేశం. రెండు, బైలా సవరించి సేవాదాతగా నమోదుకు దరఖాస్తు. మూడు, ప్రతి గ్రామ సంఘంలో అత్యవసర సొమ్ము, హింస పడ్డ సభ్యురాలికి కంతుల వాయిదా. వేదిక మీద ఉన్న అధికారులను మేము అడిగేది ఒక్కటే. ఈ రోజు వెళ్లేలోపు మీ శాఖ నుంచి ఆ సమావేశానికి ఎవరు వస్తారో ఒక్క పేరు రాసివ్వండి. కాగితం, కలం మా కమిటీ సభ్యుల దగ్గర ఉన్నాయి.

ఈ మూడింటినీ చేతులెత్తి ఆమోదించవలసిందిగా సభ్యులందరినీ కోరుతున్నాం.